న్యూట్రినో నేర్పే తూనిక

ఏది నిజమో నిర్ణయించుకోవడానికి మన ప్రాచీన నైయాయికులు నాలుగు ప్రమాణాలను చెప్పారు. ఇంద్రియాలతో నేరుగా తెలుసుకొనేది ప్రత్యక్షం. పొగను చూసి నిప్పును ఊహించినట్టు, తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని తర్కంతో రాబట్టుకొనేది అనుమానం. గవయం ఆవును పోలి ఉంటుందని విన్నవాడు, అడవిలో అటువంటి మృగాన్ని చూసి ఆ పోలికతో గుర్తుపట్టడం ఉపమానం. నమ్మదగిన పెద్దలు చెప్పిన మాట శబ్దం. ఈ నాలుగూ జ్ఞానానికి ద్వారాలే. అయితే ఒకదానితో మరొకటి విభేదించినప్పుడు మనం దేనివైపు నిలబడాలి? మహావిద్వాంసుడు ఒక మాట చెప్పి, లెక్క మరొక మాట చెబితే ఎవరిని నమ్మాలి? మనసుకు ఎంతో నచ్చిన పోలిక తూచి చూసినప్పుడు తేలిపోతే దాన్ని ఏం చేయాలి?

ఈ ప్రశ్నలు తర్కశాస్త్ర గ్రంథాలకే పరిమితమైనవి కావు. 1990 దశకంలో భౌతికశాస్త్రవేత్తల మధ్య సాగిన ఒక వివాదంలో ఇవన్నీ ఎదురయ్యాయి. ఆయువు తీరిన మహాతారను పేల్చివేసే బలం ఏది? దేనినీ తాకదన్న పేరున్న న్యూట్రినో అనే కణం, ఆ తార గర్భంలోని సాంద్రమైన ప్లాస్మాలో అలలను లేపగలదా? వివాదం దీని గురించే. ఈ కథ విజయగాథ కాదు. ఒక గొప్ప ఊహ తూనికకు నిలవలేకపోయిన కథ. కనుకనే దీనిని విద్యార్థులు తప్పక తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ముందుగా న్యూట్రినో సంగతి చూద్దాం. రేడియోధార్మిక పదార్థాల బీటా క్షయంలో కొంత శక్తి లెక్కకు అందకుండా పోతున్నదని గత శతాబ్దపు తొలి దశకాలలో గమనించారు. శక్తి నిత్యత్వ నియమమే ఇక్కడ చెల్లదేమోనని కొందరు ఉద్దండులు సైతం సందేహించారు. 1930లో వుల్ఫ్‌గాంగ్ పౌలి మరొక పరిష్కారం సూచించాడు. విద్యుదావేశం లేని, కంటికీ పరికరానికీ చిక్కని కణమొకటి ఆ శక్తిని తనతో తీసుకుపోతున్నదని ఆయన ఊహ. ఎన్రికో ఫెర్మీ ఆ ఊహకు చక్కని సిద్ధాంతాన్ని సమకూర్చాడు. ఆ కణమే న్యూట్రినో. సూర్యగర్భంలో పుట్టిన న్యూట్రినోలు మన శరీరంలోని ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సుమారు 6500 కోట్ల చొప్పున దూసుకుపోతున్నాయి. పగలు తల నుంచి పాదాలకు, రాత్రి భూగోళాన్ని దాటుకొని పాదాల నుంచి తలకు వాటి ప్రయాణం సాగుతూనే ఉంటుంది. మనకు మాత్రం ఆ సంగతే తెలియదు.

ఇక్కడ మన కథానాయకుడు ప్రవేశిస్తాడు. ఆయన పేరు హన్స్ బెతే. 1906లో జన్మించిన ఈ జర్మన్ శాస్త్రజ్ఞుడు హిట్లర్ పాలనలో ఉద్యోగం కోల్పోయి, ఇంగ్లండు మీదుగా అమెరికా చేరి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. నక్షత్రాలు ఏ ఇంధనంతో వెలుగుతున్నాయో వివరించినందుకు 1967లో నోబెల్ బహుమతి పొందాడు. అంతకు చాలాముందు, 1934లోనే, రుడాల్ఫ్ పయర్ల్స్‌తో కలిసి న్యూట్రినో పదార్థంతో ఢీకొనే అవకాశం ఎంతో లెక్కకట్టాడు. కాంతి సంవత్సరాల కొద్దీ మందం గల ఘనపదార్థాన్ని కూడా న్యూట్రినో అవలీలగా దాటిపోగలదని ఆ లెక్కలో తేలింది. కాబట్టి దాన్ని కనిపెట్టే ఆచరణ సాధ్యమైన మార్గమే లేదని వారిద్దరూ నిర్ధారించారు.

ఆ లెక్క సరైనదే. నిర్ధారణ మాత్రం ఇరవై రెండేళ్ళకు తలకిందులయింది. 1934 నాటికి అణు రియాక్టరు లేదు. సెకనుకు లెక్కలేనన్ని న్యూట్రినోలను వెదజల్లే యంత్రం ఒకటి పుట్టుకొస్తుందని అప్పుడెవరూ ఊహించలేదు. 1956లో ఫ్రెడరిక్ రైనెస్, క్లైడ్ కోవన్ అనే ఇద్దరు అమెరికన్లు సావన్నా నది ఒడ్డున ఉన్న రియాక్టరు పక్కన పరికరాలు పెట్టి న్యూట్రినో ఉనికిని నిరూపించారు. ఒక్కొక్క కణం ఢీకొనే అవకాశం అత్యల్పమే. అయినా కణాల సంఖ్య అపారమైతే కొన్నయినా చిక్కుతాయి. మన వివాదంలో ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

ఈ అన్వేషణలో మన పొరుగునేలకూ పాలుంది. చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాన్, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి పరికరాలను అమర్చారు. విశ్వకిరణాలు భూ వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే న్యూట్రినోల జాడను 1965లో వారు కనుగొన్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో రైనెస్ బృందం కూడా అదే జాడను పట్టుకొంది. బంగారం తవ్విన చోట బరువే తెలియని కణాన్ని వెదకడం వింతగా తోచవచ్చు. పై నుంచి వచ్చే ఇతర కణాలన్నింటినీ అంత మందపు రాయి అడ్డుకుంటుంది. న్యూట్రినో ఒక్కటే దాన్ని దాటి రాగలదు. అందుకే అంత లోతుకు దిగవలసి వచ్చింది.

ఇక ప్లాస్మా సంగతి. పదార్థాన్ని బాగా వేడిచేస్తే అణువులు విడిపోయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ధనావేశ కేంద్రకాలూ రుణావేశ ఎలక్ట్రాన్లూ కలగలిసిన స్థితి ఏర్పడుతుంది. దానికి 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ప్లాస్మా అని పేరు పెట్టాడు. మెరుపులో, సూర్యుడిలో, నక్షత్రాలలో ఉన్నది ప్లాస్మాయే. దాని ప్రత్యేకత సామూహిక వర్తన. ఎలక్ట్రాన్ల గుంపు ఒక పక్కకు జరిగితే, వెనుక మిగిలిన ధనావేశం వాటిని తిరిగి లాగుతుంది. అవి వెనక్కి వచ్చి, ఆ వేగంలో అవతలికి పోయి, మళ్ళీ వెనక్కి వస్తాయి. ఉయ్యాల వంటి ఈ ఊపే ప్లాస్మా తరంగం. ప్లాస్మా ఎంత సాంద్రంగా ఉంటే ఆ ఊపు అంత వేగంగా ఉంటుంది.

ఆ ఊపు కంటే తక్కువ పౌనఃపున్యం గల విద్యుదయస్కాంత తరంగం ప్లాస్మాలో ప్రయాణించలేదు. దూరదేశపు షార్ట్‌వేవ్ రేడియో ప్రసారం మన ఊళ్ళో వినిపించడానికి కారణం ఇదే. వాతావరణపు పై పొరల్లోని పలుచని ప్లాస్మా ఆ తరంగాలను కిందికి తిప్పి పంపుతుంది. నక్షత్ర గర్భంలోని ప్లాస్మా అంత పలుచనిది కాదు. శ్వేత కుబ్జ తార అనే మృత నక్షత్రంలో గోళీకాయంత పదార్థం టన్నుకు పైగా తూగుతుంది. కూలిపోతున్న మహాతార నడిబొడ్డున అదే గోళీకాయ బరువు కోట్ల టన్నులు. అటువంటి చోట కాంతి సైతం తన సహజ స్వభావాన్ని కోల్పోయి, ద్రవ్యరాశి ఉన్న కణంలాగా ప్రవర్తిస్తుంది.

దీని ఫలితం ఆశ్చర్యకరమైనది. శూన్యంలో ప్రయాణించే ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదు. అందువల్ల అది తనంత తానుగా విరిగి రెండు కణాలు కాలేదు. శక్తి, ద్రవ్యవేగాల నిత్యత్వ నియమాలు అందుకు అంగీకరించవు. సాంద్ర ప్లాస్మాలో ఆ నిషేధం సడలుతుంది. అక్కడి తరంగం ఒక న్యూట్రినోగా, ఒక ప్రతిన్యూట్రినోగా విడిపోగలదు. ఆడమ్స్, రూడర్‌మన్, వూ అనే శాస్త్రజ్ఞులు 1963లో ఈ సంగతిని లెక్కించి చూపారు. అలా పుట్టిన జంట తారను దాటి బయటికి పోతుంది. వాటితో పాటు తార వేడిమి కూడా పోతుంది. ప్లాస్మా తరంగాల వల్ల న్యూట్రినోలు పుట్టగలవన్నమాట ఇలా అనుమాన ప్రమాణంతో స్థిరపడింది.

ఆ అనుమానానికి ప్రత్యక్షం తోడు వచ్చిందా? వచ్చింది. కొత్తగా ఏర్పడిన వేడి శ్వేత కుబ్జ తార ముఖ్యంగా ఈ న్యూట్రినోల వల్లనే చల్లబడాలి. అవి లేకపోతే ఆ తారలు మరింత నెమ్మదిగా చల్లబడతాయి. అప్పుడు ఆకాశంలో వేడి తారల సంఖ్య ఎక్కువగా కనిపించాలి. 47 టుకానే అనే నక్షత్ర గుచ్ఛంలోని శ్వేత కుబ్జ తారలను హబుల్ దూరదర్శినితో లెక్కపెట్టి చూశారు. న్యూట్రినోలు చల్లబరుస్తాయన్న సిద్ధాంతంతో ఆ లెక్క ఏకీభవించింది. అరుణ మహాతారలు ఎంత ప్రకాశం వరకు పెరుగుతాయన్నది కూడా ఈ చల్లదనంపై ఆధారపడి ఉంటుంది. ఎం5 అనే గుచ్ఛంలో ఆ ప్రకాశాన్ని కొలిచి, న్యూట్రినో లక్షణాలకు హద్దులు నిర్ణయించారు. చేతికి చిక్కని కణాల గురించి దూరాన ఉన్న తారల ప్రకాశం సాక్ష్యం చెబుతున్నది.

అల న్యూట్రినోను పుట్టించగలదని తేలింది. న్యూట్రినో అలను పుట్టించగలదా? ఈ ప్రశ్న ఊసుపోక వేసినది కాదు. సూర్యుడికి ఎనిమిది రెట్లకు మించిన ద్రవ్యరాశితో పుట్టిన తార చివరి దశలో తన గర్భాన ఇనుమును పోగుచేసుకుంటుంది. ఇనుము నుంచి కేంద్రక సంలీనం ద్వారా శక్తి రాదు. ఆ ఇనుప గర్భం చంద్రశేఖర్ అవధిని సమీపించగానే, అంటే సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు కాగానే, సెకనులో కొద్ది భాగంలో కూలిపోతుంది. పరమాణు కేంద్రకమంత సాంద్రతకు చేరి, ఇక నొక్కుకోలేక, రబ్బరు బంతిలా ఎగిరి ఒక అఘాత తరంగాన్ని బయటికి తోస్తుంది. ఆ తరంగం తారను చీల్చుకొని వెలుపలికి వస్తే అదే సూపర్‌నోవా విస్ఫోటం.

ఇక్కడే చిక్కు వచ్చింది. కంప్యూటరు గణనల్లో ఆ తరంగం వంద రెండు వందల కిలోమీటర్లు పోయి ఆగిపోయేది. పై నుంచి పడే పదార్థాన్ని చీల్చడంలోనే దాని శక్తి హరించుకుపోయేది. ఆకాశంలో మాత్రం తారలు పేలుతూనే ఉన్నాయి. మన రక్తంలోని ఇనుములోనూ మనం పీల్చే ఆక్సిజన్‌లోనూ ఎంతో భాగం అటువంటి తారల్లో తయారై విశ్వంలోకి వెదజల్లబడినదే. సిద్ధాంతంలో తార పేలకపోతే మన పుట్టుకకే వివరణ దొరకనట్టు!

కూలిపోయే గర్భం నుంచి వెలువడే శక్తిలో నూటికి 99 పాళ్ళు న్యూట్రినోల రూపంలోనే పోతుంది. సూర్యుడు తన వెయ్యి కోట్ల సంవత్సరాల జీవితంలో వెదజల్లే శక్తికి వంద రెట్లకు పైబడిన శక్తి పది సెకన్లలో బయటికి వస్తుంది. ఇది ఊహ మాత్రమే కాదు. 1987 ఫిబ్రవరి 23న పెద్ద మాగెల్లాన్ మేఘంలోని ఒక తార పేలిన వెలుగు భూమిని చేరింది. ఆ వెలుగుకు రెండు మూడు గంటల ముందే జపాన్, అమెరికా, సోవియట్ యూనియన్‌లలోని మూడు భూగర్భ పరికరాలు రెండు డజన్ల న్యూట్రినోలను పట్టుకున్నాయి. లక్షా అరవై వేల సంవత్సరాలకు పైగా ప్రయాణించి వచ్చిన ఆ కొద్దిపాటి కణాలే సిద్ధాంతం చెప్పిన శక్తి పరిమాణాన్ని ధ్రువపరిచాయి. జపాన్ ప్రయోగానికి నాయకత్వం వహించిన మసతోషి కొషిబా 2002లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అంత శక్తిలో నూటికి ఒక పాలు తార పదార్థానికి అందితే చాలు, విస్ఫోటం జరుగుతుంది. న్యూట్రినోలే ఆ పని చేస్తాయని 1966లోనే కోల్‌గేట్, వైట్ అనేవారు సూచించారు. 1985లో బెతే, జేమ్స్ విల్సన్ దానికి మెరుగులు దిద్దారు. ఆగిపోయిన తరంగం వెనుక ఉన్న న్యూట్రాన్లు, ప్రోటాన్లు కొన్ని న్యూట్రినోలను పీల్చుకొని వేడెక్కుతాయనీ, అలా అర సెకను సేపు కాగిన మీదట తరంగం తిరిగి కదులుతుందనీ వారు వివరించారు. న్యూట్రినోను ఎన్నటికీ చూడలేమన్న మనిషే అర్ధశతాబ్దం గడిచాక ఆ న్యూట్రినో చేతికే తార భవితవ్యాన్ని అప్పగించాడు. తన పాత మాటకు కట్టుబడి ఉండడం కంటే కొత్త సాక్ష్యానికి కట్టుబడి ఉండడమే ఆయనకు ముఖ్యమయింది.

అయితే ఆ నాటి గణనల్లో ఈ కాపు ఒక్కోసారి చాలేది, ఒక్కోసారి చాలేది కాదు. మరేదైనా సహాయం కావాలని అనిపించేది. అప్పుడే సామూహిక ప్రభావం అనే కొత్త ఆలోచన వచ్చింది. 1978లో లింకన్ వుల్ఫెన్‌స్టైన్ ఒక సంగతి చూపాడు. న్యూట్రినో ఏ ఒక్క ఎలక్ట్రాన్‌నూ ఢీకొనకపోయినా, దారి పొడవునా ఉన్న ఎలక్ట్రాన్లన్నింటి ప్రభావం కలిసి దాని గమనాన్ని కొద్దిగా మారుస్తుంది. గాజులో కాంతి వంగినట్టే ఇదీ ఒక వక్రీభవనం. ఢీకొనే అవకాశం బలహీన బలపు స్థిరాంక వర్గంపై ఆధారపడుతుంది. ఈ వక్రీభవనం మాత్రం స్థిరాంకపు మొదటి ఘాతంపైనే ఆధారపడుతుంది. వెయ్యో వంతును వర్గం చేస్తే పది లక్షలో వంతవుతుంది కదా! అందువల్ల మొదటి ఘాతపు ప్రభావం ఎంతో పెద్దది. రష్యన్లు మిఖెయెవ్, స్మిర్నోవ్ ఈ సూత్రాన్ని సూర్యుడికి అన్వయించారు. సూర్యుడి నుంచి రావలసిన న్యూట్రినోలు ఎందుకు తక్కువగా వస్తున్నాయన్న చిక్కుముడిని విప్పే దారి అలా దొరికింది. 1986లో ఆ పరిష్కారాన్ని బలపరిచి ప్రచారంలోకి తెచ్చినవారిలో బెతే ఒకడు.

ఈ నేపథ్యంలో 1994లో రాబర్ట్ బింగ్‌హామ్, జాన్ డాసన్, సు, బెతే కలిసి ఒక ప్రతిపాదన ప్రకటించారు. అప్పటికి బెతే వయసు ఎనభై ఏడెనిమిదేళ్ళు. డాసన్ ప్లాస్మా శాస్త్రంలో అగ్రగణ్యుడు. లేజరు కిరణంతో ప్లాస్మాలో అలను లేపి, దానిపై ఎలక్ట్రాన్లను పరుగెత్తించవచ్చని 1979లో తజిమాతో కలిసి సూచించినవాడు. లేజరు కాంతీ, ఎలక్ట్రాన్ పుంజమూ ప్లాస్మాలో అలలు లేపుతున్నప్పుడు, న్యూట్రినో వరద మాత్రం ఎందుకు లేపకూడదు? ఎలక్ట్రాన్లు దట్టంగా ఉన్న చోటు నుంచి న్యూట్రినోలు పలుచని చోటికి వంగుతాయి. అలా వంగుతూ ఎలక్ట్రాన్లను అవతలికి నెడతాయి. దట్టమైన చోటు మరింత దట్టమవుతుంది. న్యూట్రినోలు మరింత వంగుతాయి. చెరువు మీద గాలి చిన్న ముడతను అలగా పెంచినట్టు, న్యూట్రినో వరద ప్లాస్మా తరంగాన్ని పెంచుతుంది. ఆ అలల శక్తి వేడిగా మారి, ఆగిపోయిన విస్ఫోటాన్ని తిరిగి నడిపిస్తుంది. ఇదీ ప్రతిపాదన సారాంశం.

ఎంత అందమైన ఊహ! ఉపమాన ప్రమాణానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. శబ్ద ప్రమాణమూ బలంగానే ఉంది. నోబెల్ బహుమతి పొందిన మహానుభావుడి సంతకం దానిపై ఉంది. ఇక మిగిలింది అనుమానం, అంటే లెక్క. 1996, 1997 సంవత్సరాలలో హార్డీ, మెల్‌రోజ్ అనే శాస్త్రజ్ఞులు ఆ తూనిక చేపట్టారు. గాలి ఒకే దిశలో, ఒకే తీరున వీస్తే అల పెరుగుతుంది. వందల దిక్కుల నుంచి వేర్వేరు వేగాలతో వీస్తే ఒక గాలి లేపిన ముడతను మరొక గాలి చెరిపేస్తుంది. కూలిన తార నుంచి వచ్చే న్యూట్రినోలు సూదిమొన లాంటి పుంజంగా రావు. పదుల కిలోమీటర్ల వెడల్పు గల గోళం నుంచి, నానా శక్తులతో, నానా కోణాలలో వస్తాయి. అటువంటి వరద లేపగల అలల పెరుగుదల, విస్ఫోటానికి కావలసిన దానికంటే మరీ బలహీనమని వారి లెక్కలో తేలింది. 1994 నాటి సిద్ధాంతంలో కొన్ని లోపాలనూ వారు ఎత్తిచూపారు. బింగ్‌హామ్, డాసన్ బృందం మౌనం వహించలేదు. 1999లో మరింత వివరమైన గణనలతో తమ వాదాన్ని సమర్థించుకుంది. అయినా సూపర్‌నోవా పరిశోధకులలో అత్యధికులు ఆ మార్గాన్ని స్వీకరించలేదు. ఆ తరువాతి కాలంలో కంప్యూటర్ల శక్తి పెరిగి, తారను మూడు కొలతలలోనూ గణించడం సాధ్యమయింది. న్యూట్రినోల కాపుకు తోడు, మరుగుతున్న ఎసరులా పదార్థం పైకీ కిందికీ పొర్లడం వల్ల అనేక నమూనాలలో తార పేలుతున్నది. ప్లాస్మా అలల సహాయం అక్కడ అవసరం పడలేదు.

ఇక ఈ కథ ఎందుకు చదవాలన్న ప్రశ్నకు వద్దాం. నెగ్గని ఊహను విద్యార్థులకు చెప్పడం కాలయాపన అని కొందరు వాదించవచ్చు. పాఠ్యపుస్తకంలో స్థిరపడిన సత్యాలకే చోటు చాలనప్పుడు తేలిపోయిన ఊహలెందుకు అని వారు అడుగుతారు. ఈ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. పునాది లేనివాడికి వివాదం చెబితే అయోమయమే మిగులుతుంది. కాని స్థిరపడిన సత్యాలను మాత్రమే చదివినవాడికి అవి ఎలా స్థిరపడ్డాయో తెలియదు. అతని దృష్టిలో పాఠ్యపుస్తకం కూడా శబ్ద ప్రమాణమే అవుతుంది. జవాబు వెనుక తూనిక ఉందని తెలియనివాడు, రేపు ఎవరో ధీమాగా చెప్పిన అబద్ధాన్నీ అంతే సులువుగా నమ్ముతాడు.

మరికొందరు దీనికి విరుద్ధమైన పాఠాన్ని తీస్తారు. చూశారా, పెద్దవాళ్ళు కూడా పొరబడతారు, కనుక ఎవరి మాటా వినక్కరలేదని అంటారు. ఇది మరింత ప్రమాదకరం. హార్డీ, మెల్‌రోజ్ పెద్దాయన మాటను పెడచెవిని పెట్టలేదు. శ్రద్ధగా విన్నారు. విని, సమీకరణాలు రాసుకొని, తూచి, చాలదన్నారు. మరింత సమగ్రమైన పరిశోధన జరగాలని కూడా సూచించారు. ఒక ఆలోచనకు ఇవ్వగల అత్యున్నత గౌరవం దాన్ని లెక్కించి చూడడమే. వినకుండా ఒప్పుకోవడమూ, వినకుండా కొట్టిపారేయడమూ రెండూ సోమరితనమే.

ఇదే రంగంలో దీనికి తారుమారైన ఉదాహరణ కూడా ఉంది. 1935 జనవరిలో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఇరవై నాలుగేళ్ళ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ తన లెక్కను వినిపించాడు. శ్వేత కుబ్జ తార ద్రవ్యరాశికి ఒక అవధి ఉందని ఆయన వాదం. ఆనాటి ఖగోళశాస్త్ర సార్వభౌముడైన ఎడింగ్టన్ ఆ వాదాన్ని బహిరంగంగా పరిహసించాడు. సభ పెద్దాయన పక్షానే నిలిచింది. కాలం మాత్రం లెక్క పక్షాన నిలిచింది. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇనుప గర్భం ఎప్పుడు కూలుతుందో చెప్పేది నేడు ఆయన అవధియే. ఒకచోట యువకుడి మాట నిలిచింది. మరొకచోట వృద్ధుడి మాట నిలవలేదు. రెండు చోట్లా వయసునూ కీర్తినీ పక్కనపెట్టి చూస్తే తీర్పు చెప్పింది ఒకే తరాజు.

మన చదువులలో ఈ తరాజుకు చోటు తక్కువ. ముఖ్య ప్రశ్నలు ఏరుకొని, జవాబులు వల్లెవేసి, నాలుగింటిలో ఒకదాని మీద గుర్తు పెట్టడమే చదువయిపోయింది. ప్రవేశ పరీక్షలో ‘ఇంకా తేలలేదు’ అనే జవాబు ఉండదు. నిజ జీవితంలో మనకు ఎదురయ్యే ప్రశ్నలలో చాలావాటి జవాబు అదే. ఈ మందు పనిచేస్తుందా? ఈ ఆనకట్ట మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఫలానా వార్త నిజమేనా? వీటికి గైడులో జవాబులు దొరకవు. చెప్పినవాడు ఎవరని కాక, ఏ ఆధారంతో చెబుతున్నాడని అడగడం అలవాటు కావాలి. అది కళాశాల తరగతి గదిలోనే మొదలుకావాలి. ప్రతి శాస్త్ర పాఠం చివర, ఇంకా తేలని ప్రశ్న ఒకటి, ఓడిపోయిన ఊహ ఒకటి చేర్చితే బాగుంటుందని నా సూచన. మార్కులు లేకపోయినా సరే, విద్యార్థి దాన్ని తూచి చూడాలి.

న్యూట్రినోల కథ ముగియలేదు. మన పాలపుంత నక్షత్ర మండలంలో చివరిసారిగా కంటికి స్పష్టంగా కనిపించిన సూపర్‌నోవా 1604 నాటిది. మరొకటి ఏ రాత్రయినా పేలవచ్చు. 1987లో దొరికినవి రెండు డజన్ల కణాలే. ఈసారి జపాన్‌లోని సూపర్ కామియోకాండేలోనే వేలకొద్దీ న్యూట్రినోలు నమోదు కాగలవు. చైనాలోని జూనో అనే భూగర్భ పరికరం కూడా 2025లో పని ప్రారంభించింది. ఆగిపోయిన తరంగం ఎలా కదిలిందో ఆ కణాల రాకడ క్రమమే మనకు చెబుతుంది. అప్పుడు అనుమానం మీద ప్రత్యక్షం తీర్పు చెబుతుంది. నేటి నమూనాలు నిలవవచ్చు. వాటిలోనూ కొన్ని తేలిపోవచ్చు.

ఆ తీర్పు రాసేవారిలో నేడు ఇంటర్మీడియట్ చదువుతున్నవారు ఉండవచ్చు. ఆ పనికి భౌతికశాస్త్రం కావాలి, గణితం కావాలి. వాటితో పాటు పెద్దల మాట వినే వినయమూ, విన్న మాటను తూచే ధైర్యమూ కావాలి. ఏ గ్రూపు చదివినా, ఏ వృత్తిలో స్థిరపడినా ఈ రెండూ అవసరమే. బెతే తన 98వ ఏట, 2005లో కన్నుమూశాడు. జీవితమంతా ఎన్నో లెక్కలు వేసిన ఆయన, తన ఊహలను కూడా ఇతరుల లెక్కలకు అప్పగించాడు. పేరుకు వెనుదీయకుండా ఆ ఊహను తూచినవారూ, తూచడానికి వీలుగా దాన్ని స్పష్టంగా రాసి బయటపెట్టినవారూ, ఇద్దరూ శాస్త్రానికి మేలు చేసినవారే.